ఇకెదా ఊరి ఆటల గురువు



మన సంఘమువారు ఏటేట ఒక విశిష్టవ్యక్తి జీవితమును గూర్చి ఒక ఉపన్యాసము నేర్పాటు చేయుట వాడుక. కవులను గూర్చియు, దేశనాయకులను గూర్చియు, సంగీతవిద్వాంసులను గూర్చియు పెద్దలు పలువురు ఈ వేదికమీద ప్రసంగించిరి. ఈసారి ఆ పని నాకప్పగింపగా నేను కవినిగాని, నాయకునిగాని యెన్నుకొనలేదు. జపాను దేశమున కొండల నడుమనున్న యొక చిన్న ఊరిలో, ఉన్నతపాఠశాలలో సాంఘికశాస్త్రము బోధించుచు, సాయంకాలములందు పిల్లలచేత బేస్‌బాల్ ఆడించిన యొక బడిపంతులును ఎన్నుకొంటిని. ఆయన పేరు త్సుతా ఫుమియా. జపానువారును మనవలెనే ఇంటిపేరు ముందు చెప్పుకొందురు. కావున త్సుతా ఇంటిపేరు, ఫుమియా పెట్టిన పేరు.

బేస్‌బాల్ మనకు పరిచితమైన ఆట కాదు. అయినను బిళ్ళంగోడు ఆడినవారికిని, క్రికెట్టు చూచినవారికిని దానిని బోధపరచుట కష్టము కాదు. జట్టునకు తొమ్మండుగురు. బంతి విసరువానిని పిచ్చరందురు. అతడు బంతిని నేల తాకనీయక తిన్నగా విసరును. ఎదుట నున్నవాడు గుండ్రని బ్యాటుతో దానిని కొట్టి, చదరముగా అమర్చిన నాలుగు స్థానములను వరుసగా చుట్టి బయలుదేరిన చోటికి వచ్చినచో ఒక పరుగు. ముగ్గురు ఔటైనచో వంతు ముగియును. అట్టి వంతులు పక్షమునకు తొమ్మిది. క్రికెట్టులోవలె ఇందు వందల పరుగులుండవు. మూడు నాలుగు పరుగులతోనే జయాపజయములు తేలుట సామాన్యము. ఈ మాట గుర్తుంచుకొనుడని కోరుచున్నాను. ముందు నేను చెప్పబోవు అంకెల రుచి దీనివలననే తెలియును.

ఈ ఆట అమెరికా దేశస్థులది. 1872లో హోరేస్ విల్సన్ అను అమెరికను ఉపాధ్యాయుడు తోక్యోలో తన విద్యార్థులకు దీనిని నేర్పెనని చెప్పుదురు. మనకు క్రికెట్టు దండులవెంట, క్లబ్బులవెంట వచ్చినది; వారికి బేస్‌బాల్ బడి వాకిలిగుండ వచ్చినది. నా యూహలో ఈ భేదము చాల ముఖ్యమైనది. ఆనాటినుండి నేటివఱకు జపానులో ఆ ఆటకు పాఠశాలయే పుట్టినిల్లు. ఉన్నతపాఠశాలల జాతీయపోటీ 1915లో ఆరంభమైనది. ప్రతి వేసవియందును మూడువేలకు మించిన పాఠశాలలు ప్రాంతీయపోటీలలో తలపడును. ఒక్కసారి ఓడిన జట్టు ఇంటికి పోవలసినదే; రెండవ అవకాశము లేదు. తుదకు నలువది తొమ్మిది జట్లు మాత్రమే ఒసాకా సమీపముననున్న కోషియెన్ క్రీడారంగమునకు చేరును. వసంతఋతువున మఱియొక పోటీ కలదు. దానికి జట్లను ఒక సంఘము ఏరి పిలుచును.

కోషియెన్ అను పేరు వెనుక మనకు వినసొంపైన కథ యున్నది. ఆ క్రీడారంగము 1924లో తెరవబడినది. జపానువారి సాంప్రదాయిక కాలగణనము కూడ మన ప్రభవాది షష్టివర్షములవలె అరువదేండ్ల చక్రమే. ఆ చక్రములోని మొదటి సంవత్సరమునకు ‘కోషి’ అని పేరు. 1924 అట్టి సంవత్సరమగుటచే ఆ స్థలమునకు ఆ పేరు పెట్టిరి. మన లెక్కలో అది రక్తాక్షి. ఏ ఆటస్థలమునకైనను సంవత్సరము పేరు పెట్టిన తెలుగువాడు నాకు తెలిసినంతలో లేడు, పెట్టియుండిన బాగుండెడిది.

ఆ రంగమున ఆట ఆరంభమున సైరను మ్రోగును, అంతమునను మ్రోగును. గెలిచిన పాఠశాల గీతమును వినిపించుచుండ ఆ బాలురు వరుసగా నిలువబడుదురు. ఓడిన బాలురు నేలమీద కూర్చుండి, ఆ మట్టిని గుప్పిళ్ళతో సంచులకెత్తుకొని, కన్నీటితో ఇండ్లకు పోవుదురు. దేశమంతయు దీనిని చూచుచుండును. ఒక పదునేడేండ్ల బాలుని దుఃఖమును ఇంతగా లక్షించు దేశము మఱియొకటి యున్నదో లేదో! అది మంచిదా చెడ్డదా యను విషయము కొంత తడవైన పిమ్మట చెప్పెదను.

త్సుతా 1923వ సంవత్సరము ఆగస్టు 28వ తేదీన షికోకు ద్వీపమందలి తొకుషిమాలో జన్మించెను. అచ్చటి వాణిజ్యపాఠశాలలో చదువుచు పిచ్చరుగా పేరు పొంది, విద్యార్థిదశలోనే కోషియెన్ మట్టి త్రొక్కెను. పిదప క్యోటోలోని దోషిషా విశ్వవిద్యాలయమున చేరెను. 1943లో జపాను ప్రభుత్వము విశ్వవిద్యాలయ విద్యార్థులకు అంతవఱకునున్న సైనికసేవా వాయిదాను రద్దుచేసినది. విజ్ఞానశాస్త్రములు, ఇంజనీరింగు చదువువారిని చాలవఱకు విడిచిపెట్టి, సాహిత్యము, న్యాయము, వాణిజ్యము మున్నగునవి చదువువారిని యుద్ధమునకు పంపిరి. అనగా రాజ్యమునకు యంత్రములు చేయువారు కావలసివచ్చిరి. తక్కినవారు లేకున్నను గడచునని తలచిరి. ఆర్ట్సు పట్టభద్రుడనైన నాకు ఈ సంగతి చదివినప్పుడు గుండె కలుక్కుమన్నది.

త్సుతా నౌకాదళమున విమానచోదకుడయ్యెను. పిమ్మట ఆత్మాహుతి దళమున చేర్చబడెను. ఆ దళమువారి కర్తవ్యము మీరెరుగుదురు: విమానముతో కూడ శత్రునౌకమీద పడుట. పోవుటకే గాని వచ్చుటకు దారి లేదు. ఆయనకు ఆ యాజ్ఞ రాకముందే 1945 ఆగస్టులో యుద్ధము ముగిసినది. ఇరువదిరెండేండ్ల వయస్సున, మరణమునకు సిద్ధపఱచబడి, మరణింపక ఇంటికి మఱలిన యువకుడాయన. తరువాతి కాలమున ఆయన చేసిన పనులన్నిటికిని దీనినే కారణముగా చూపుట కథకులకు సులభము. నేనంత దూరము పోను. కాని ఆ వయస్సు బాలురను ఏ పనికి సిద్ధపఱుపవచ్చును, ఏ పనికి సిద్ధపఱుపరాదు అను ప్రశ్న ఆయనకు పుస్తకములలో చదివిన ప్రశ్న కాదని మాత్రము చెప్పవచ్చును.

1950లో ఆయన తోక్యు ఫ్లయర్స్ అను వృత్తిజట్టులో ఒక సంవత్సరము ఆడెను. అచ్చట రాణింపలేదు. 1951లో ఇకెదా ఉన్నతపాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరెను. 1952లో బేస్‌బాల్ జట్టు శిక్షకత్వము స్వీకరించెను. ఇకెదా తొకుషిమా మండలమునకు పడమటి కొనను, యోషినో నది యొడ్డున, నిట్రమైన కొండల నడుమ నున్న ఊరు. ఒకప్పుడు పొగాకు వర్తకమునకు పేరుపొందినది. పట్టణములలోని పేరుమోసిన ప్రైవేటు పాఠశాలలు దేశము నలుమూలలనుండి ఆటగాండ్రను ఏరితెచ్చి, వసతిగృహములలో నుంచి, ఆడించును. ఇకెదా ప్రభుత్వపాఠశాల. చుట్టుపట్ల కొండపల్లెలలో పుట్టిన పిల్లలే దానికి విద్యార్థులు. వారిలో ఆడదలచినవారే జట్టు.

ఆయన శిక్షకుడైన పిమ్మట ఆ జట్టు మొదటిసారి కోషియెన్ చేరినది ఎప్పుడు? 1971 వేసవిలో. పందొమ్మిది సంవత్సరములు గడచెను! 1952లో ఆయనవద్ద పదునారేండ్ల బాలుడుగా ఆడినవాడు 1971 నాటికి ముప్పదియైదేండ్ల సంసారి. ఆ కాలమున సాధారణముగా తొకుషిమా, కోచి మండలములు రెండింటికిని కలిపి ఒకే స్థానముండెడిది. కోచి జట్లు బలమైనవి. గుమ్మము వఱకు వచ్చి మఱలిపోవుట ఇకెదాకు అలవాటైనది. త్సుతా చరిత్ర వ్రాయువారు జయములనే విరివిగా వర్ణింతురు గాని, ఈ పందొమ్మిదేండ్లే నన్నాకర్షించినవి. ప్రభుత్వోద్యోగులమగు మనకు మూడేండ్లకో ఐదేండ్లకో బదిలీ. ఫలము కనిపింపకమునుపే కుర్చీ మారును. జపానులోను ప్రభుత్వోపాధ్యాయులకు బదిలీలు మామూలే. అయినను ఈయన ఒక్క ఊరినే, ఒక్క మైదానమునే పట్టుకొని యుండెను.

1974 వసంతమున ఇకెదా జట్టు కోషియెన్ చేరినప్పుడు అందు పదునొకండుగురు మాత్రమే యుండిరి. ఆడుటకు తొమ్మండుగురు కావలెను. దెబ్బ తగిలినచో నిలుచుటకు మిగిలినవారు ఇద్దరు. పెద్ద పెద్ద జట్ల నడుమ ఈ పిడికెడు పిల్లలు ఒక్కొక్క ఆటయే గెలుచుచు తుదిపోటీకి వచ్చిరి. హోతోకు పాఠశాల చేతిలో 3-1 తేడాతో ఓడిరి. పత్రికలవారు వారికి చల్లనిగాలివంటి పదునొకండుగురని అర్థము వచ్చు ముద్దుపేరు పెట్టిరి. 1979 వేసవిలో మఱల తుదిపోటీ. మినోషిమా పాఠశాలతో 4-3గా ఒక్క పరుగుతో పరాజయము.

ఇచ్చట ఆట తీరును గూర్చి కొంచెము చెప్పవలెను. జపాను పాఠశాలలలో ఆనాడు ప్రశస్తమనిపించుకొన్న ఆట మిక్కిలి పొదుపైనది. బంతిని గట్టిగా కొట్టక, బ్యాటుతో మెల్లగా తాకించి ముందున విడిచి, తాను ఔటైనను తోడివానిని ఒక స్థానము ముందుకు జరుపుట వారికి పరమధర్మము. దీనిని బంటు అందురు. 1974 నాటి ఇకెదా బాలురును చాలవఱకు ఇట్లే ఆడిరి. కాని ఆ సంవత్సరము వేసవినుండియే కోషియెన్‌లో లోహపు బ్యాటులను అనుమతించిరి. కొయ్యబ్యాటులు విరిగిపోవుటచే బడులకు ఖర్చు పెరుగుచున్నదని ఆ మార్పు. అందఱును దీనిని పొదుపు విషయముగానే తలచుచుండ, త్సుతా దానిలో మఱియొక మర్మమును చూచెను. లోహపు బ్యాటు తేలిక. బంతి దానికి తగిలిన దూరము పోవును. దానిని వేగముగా త్రిప్పగల బలము బాలుని దేహమునకున్న చాలును, నేర్పు కొంత తక్కువైనను పరవాలేదు. కాబట్టి ఆయన పిల్లలచేత బరువులెత్తించి కండలు పెంచెను. అప్పటికి పాఠశాలలలో ఈ పద్ధతి అరుదు. బంటులు మాని, బలముకొలది కొట్టుడనెను. నేర్పరులను ఏరి తెచ్చుకొను పెద్ద బడులతో నేర్పునందు పోటీపడుట వృథాయని గ్రహించి, కొండపిల్లలకు సాధ్యమైన దారి వెదకినాడు. ఆయన తెలివియంతయు నిందే యున్నదని నా యభిప్రాయము.

1982 వేసవిలో దీని ఫలము దేశమంతయు చూచినది. క్వార్టరు ఫైనలులో ఎదుటి జట్టు తోక్యో నగరమందలి వసెదా జిత్సుగ్యో. దాని పిచ్చరు అరాకి దైసుకే అప్పటికి దేశమునకంతకును ముద్దుబిడ్డ. ఇకెదా 14-2గా గెలిచినది. తుదిపోటీలో హిరోషిమా వాణిజ్యపాఠశాల. బంటుల ఆటకు, సూక్ష్మనైపుణ్యమునకు పేరుమోసినది. ఇకెదా మొదటివంతులోనే ఆరు పరుగులు చేసి, 12-2గా జయించినది. మూడు నాలుగు పరుగులతో తేలు ఆటయని మనవి చేసితిని గదా! ఇక అంకెలే మాటలాడును. ఒకని దెబ్బ వెనుక నొకని దెబ్బ, కొండలలో కేక ప్రతిధ్వనించినట్లు వినవచ్చుటచే ఆ జట్టు ఆటకు ‘యమాబికో’ అని పేరు వచ్చినది. యమాబికో యనగా కొండ ప్రతిధ్వని. కొండ ఊరికి ఇంతకన్న తగిన పేరేది?

త్సుతాకును ఒక పేరు పెట్టిరి: దాడిచేయు దరుమా. ఈ దరుమా యెవరో కాదు, మన బోధిధర్ముడే. దక్షిణభారతమునుండి చీనాకు పోయి ధ్యానమార్గమును బోధించిన భిక్షువని ఆయనను గూర్చి ఐతిహ్యము. జపానులో గుండ్రని ఎఱ్ఱని బొమ్మలో ఆయనను చూపుదురు; అడుగు బరువుగానుండుటచే ఎన్నిసార్లు పడద్రోసినను లేచి నిలుచు బొమ్మ అది. బొద్దుగా, గుండ్రని ముఖముతోనున్న ఈ పంతులుకు ఆ పేరు అతికినట్లున్నది. రెండు తుదిపోటీలలో ఓడి మూడవదానిలో గెలిచినవానికి అర్థమునందును అతికినది.

1983 వసంతమున తుదిపోటీలో యొకొహామా వాణిజ్యపాఠశాలను 3-0గా గెలిచి, ఇకెదా వరుసగా రెండవ బిరుదు పొందినది. ఆ వేసవిలో మూడవదియు వారిదేయని అందఱును నమ్మిరి. సెమీఫైనలులో పీ.ఎల్. గకుయెన్ అను పాఠశాల ఎదురైనది. అందు కువాతా అను పిచ్చరు, కియొహరా అను కొట్టువాడు, ఇరువురును మొదటి సంవత్సరము విద్యార్థులు. పదునైదు పదునారేండ్ల పసివారు. ఇకెదా 7-0గా ఓడినది. ఒక్క పరుగైనను రాలేదు. ఆ యిరువురును పిమ్మట జపాను వృత్తిక్రీడలో మహామహులైరి. 1986 వసంతమున ఇకెదా ఉత్సునోమియా మినామిని 7-1గా ఓడించి మూడవ బిరుదు పొందినది. అదియే కడపటిది.

ఆయన ఋషి కాడు. మద్యపానప్రియుడని లోకమంతట తెలిసినదే, ఆయనయు దాచుకొనలేదు. మైదానమున కఠినుడు. అభ్యాసము దీర్ఘము, మాట బిరుసు. పైగా ఆ మాట తోక్యో మాట కాదు, తన మండలపు యాస. దేశమంతయు వినుచున్నప్పుడును పత్రికలవారితో ఆ యాసలోనే మాటలాడెడివాడు. ఢిల్లీలో దిగిన మఱునాటినుండి తన గోదావరి మాటనో, సీమ మాటనో, తెలంగాణము మాటనో పెట్టెలో పెట్టి తాళము వేయు మనవారు కొందఱు నాకు తెలియుదురు. వారికి ఈయన చరిత్ర కొంత ఇబ్బంది కలిగింపవచ్చును.

ఇందాక ఆపిన ప్రశ్నకు వచ్చుచున్నాను. ఒక పాఠశాల జట్టును దేశమంతయు నెత్తిన పెట్టుకొనుట పిల్లలకు మేలా? ఆ కాలమున ఒక్క పిచ్చరే, వేసవి యెండలో, రోజు విడిచి రోజు, కొన్ని వేళల వరుస రోజులలో, ఆట మొదటినుండి తుదివఱకు బంతి విసరెడివాడు. భుజము పాడైనవారు కోకొల్లలు. 1982లో హతాయామా, 1983లో మిజునో అట్లు ఇకెదా భారమును మోసినవారే. వారిరువురును వృత్తిజట్లలో చేరిరి గాని, పాఠశాలలో పొందిన కీర్తి అంతటిది అచ్చట మఱల రాలేదు. జపానువారు ఈ దోషమును చాల ఆలస్యముగా గుర్తించిరి. 2020నుండి ఒక పిచ్చరు వారమునకు 500 బంతులకు మించి విసరరాదను నియమమును పెట్టిరి. 2024 వసంతమునుండి బంతి అంత వేగముగా ఎగురని, సన్నని లోహపు బ్యాటులను నిర్బంధము చేసిరి. అనగా త్సుతా ఏ పనిముట్టుతో చరిత్ర మార్చెనో ఆ పనిముట్టే మార్పబడినది. ఆయన శిష్యప్రేమను శంకింపను. కాని గురువు ప్రేమయు, దేశపు చప్పట్లును కలిసినప్పుడు పిల్లవాని భుజమును గూర్చి అడుగువాడు వేఱొకడుండవలెను. ఆనాడట్టివాడు లేడు. ఈ లోపమును దాచి ఆయనను స్తుతించినచో ఈ ఉపన్యాసము వట్టి భట్రాజు పని యగును.

అయినను తూకము వేసి చూచినప్పుడు నాకొక విషయము బరువుగా తోచుచున్నది. నలువది యేండ్లలో ఆయన చేతిక్రింద ఆడినవారిలో వృత్తిక్రీడాకారులైనవారు వ్రేళ్ళమీద లెక్కింపదగినవారే. తక్కినవారు కొండపల్లెల పిల్లలు; బడి ముగిసిన పిమ్మట ఏదో యొక ఉద్యోగమునకో, వ్యవసాయమునకో పోయినవారు. ఆయన లక్ష్యమేమో ఆయన నోటిమాటగానే మిగిలియున్నది. కొండల నడిమి ఊరి పిల్లలకు ఒక్కసారియైనను మహాసముద్రమును చూపవలెనని తనకుండెనని ఆయన చెప్పెను. ఆ మాటను ఇకెదా పాఠశాలయొద్ద శిలపై చెక్కిరి. చెక్కినప్పుడు దానిని గ్రంథభాషకు దిద్దలేదు. ఆయన యాసలోనే యుంచిరి. ఇందలి సముద్రము కోషియెన్ అని కొందఱందురు. తన ఊరికన్న పెద్దది లోకమున నున్నదని తెలిసికొని, దాని యెదుట తల వంపక నిలుచుటయే సముద్రదర్శనమని నేననుకొందును. మన జిల్లాలలోను ఎండలో ఈలవేయుచు మనలను వరుసలో నిలువబెట్టిన డ్రిల్లుమాస్టరులుండిరి. వారికి జీతము తక్కువ, గౌరవము మఱింత తక్కువ. పరీక్షలు దగ్గఱపడగనే వారి గంటను లెక్కల అయ్యవారు పుచ్చుకొనెడివారు. వారిలో ఎవరి చేతిలో ఏ సముద్రముండెనో అడిగినవారు లేరు.

త్సుతా 1992లో శిక్షకత్వము విడిచెను. 2001 ఏప్రిల్ 28న, డెబ్బదియేడేండ్ల వయస్సున మరణించెను. 2006లో ఇకెదా ఊరు చుట్టుపట్ల ఊళ్ళతో కలిసి మియోషి అను నగరపాలికలో చేరినది. పేరునకు నగరమే గాని, జపాను కొండసీమలన్నిటివలె అచ్చటను యువకులు తగ్గి, ముసలివారు మిగులుచున్నారు. ఆయన మనుమడు త్సుతా తెత్సుయిచిరో చలనచిత్ర దర్శకుడై, తాతగారిని గూర్చి ఒక వార్తాచిత్రమును తీసెను.

1992 వేసవి తరువాత ఇకెదా జట్టు కోషియెన్ మైదానమున కనిపింపలేదు. ఇరువదిరెండేండ్లకు, 2014 వసంతమున, మఱల చేరినది. ఆ బాలురలో ఒక్కడైనను త్సుతా శిక్షకుడుగా నున్నప్పుడు పుట్టినవాడు కాడు.